గట్టి ఎముక పొడవెలా పెరుగుతుంది?

పోయినేడు కుట్టించిన ప్యాంటు ఇప్పుడు చీలమండ పైకొచ్చేసిందా? ఎముక సాగదు కదా, మరి కాలెలా పొడవైంది?

దాదాపు 300 ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లో స్టీఫెన్ హేల్స్ అనే ఆయన కోడిపిల్ల కాలి ఎముకకు రెండు చిన్న బెజ్జాలు పెట్టాడు. పాపం కోడిపిల్ల! ఎముక పెరిగింది కానీ బెజ్జాల మధ్య దూరం మారలేదు. అంటే పెరిగేది నడుమ కాదు, కొసల దగ్గర!

అక్కడ మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. మీ చెవి డొప్ప వంచి చూడండి, అందులో ఉన్నదీ ఆ జాతిదే. పొరలోని కణాలు ఒకటి రెండవుతూ ఇడ్లీ రేకుల్లా దొంతరగా పేరుకుంటాయి. పాతవి ఉబ్బి చనిపోతే, ఆ జాగాలో ఎముక కట్టే కణాలు చేరి కాల్షియం, ఫాస్ఫరస్‌తో గట్టిపరుస్తాయి. ఈలోగా కొత్తవి పుడుతూనే ఉంటాయి.

20 ఏళ్లొచ్చేసరికి కాళ్లలో ఆ పొరంతా ఎముకైపోతుంది. ఇక కడ్డీ పట్టుకుని ఎంత వేలాడినా కాళ్లు పొడవు పెరగవు.