తగ్గని జ్వరం వెనుక హెచ్.ఎల్.హెచ్.: మన సాయం ఎప్పుడు చేరాలి?

వానలు పడ్డ నాటి నుంచి చలికాలం వచ్చేదాకా కాజీపేట, హనుమకొండ, వరంగల్ ఆసుపత్రుల్లో జ్వరం కేసులే ఎక్కువ. డెంగీ, మలేరియా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ వీటిలో ప్రధానమైనవి. చాలామంది వారం పది రోజుల్లో కోలుకుంటారు. కొద్దిమందికి మాత్రం జ్వరం తగ్గదు. ప్లేట్‌లెట్లతో పాటు తెల్లకణాలు, హిమోగ్లోబిన్ కూడా పడిపోతాయి. ప్లీహం వాస్తుంది, కళ్లు పచ్చబడతాయి. యాంటీబయాటిక్‌లు మార్చి మార్చి ఇచ్చినా గుణం కనబడదు. ఇలాంటి వారిలో కొందరికి ఉండేది హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్. నోరు తిరగని ఈ పేరును డాక్టర్లు హెచ్.ఎల్.హెచ్. అంటారు.

ఇది అంటువ్యాధి కాదు. మన రోగనిరోధక వ్యవస్థే అదుపు తప్పడం. క్రిమి సోకిన కణాన్ని మన రక్షక కణాలు చంపుతాయి, పని అయిపోగానే శాంతిస్తాయి. హెచ్.ఎల్.హెచ్.లో ఆ శాంతించడం జరగదు. రైల్వే వారు ఎక్కువగా ఉన్న మన ఊళ్లో ఇలా చెబితే సులువుగా అర్థమవుతుంది: బండి కదలడం తప్పు కాదు, బ్రేకు పడకపోవడమే ప్రమాదం. రక్షక కణాలు సైటోకైన్లనే రసాయనాలను ఆగకుండా వదులుతాయి. వాటితో రెచ్చిపోయిన మాక్రోఫేజ్ కణాలు ఎముక మూలుగలో సొంత రక్తకణాలనే మింగేస్తాయి. కోవిడ్ రోజుల్లో మనమంతా విన్న ‘సైటోకైన్ తుఫాను’కు ఇది దగ్గరి చుట్టం.

పసిపిల్లల్లో ఇది జన్యులోపంతో రావచ్చు. పెద్దవారిలో ఎక్కువగా మరో జబ్బు దీన్ని రేపుతుంది. అది డెంగీ, స్క్రబ్ టైఫస్, టీబీ, ఎప్‌స్టీన్ బార్ వైరస్ వంటి ఇన్ఫెక్షన్ కావచ్చు, లింఫోమా అనే రక్త సంబంధ క్యాన్సర్ కావచ్చు, లూపస్ వంటి కీళ్లవాత జబ్బు కావచ్చు. పొలాల్లో, పొదల్లో తిరిగేవారికి చిన్న నల్లి పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉంటుంది. చంకలోనో నడుము దగ్గరో ఉండే ఆ పొక్కును వెతికి చూసిన డాక్టరు సగం పని ముగించినట్టే. దానికి మందు డాక్సీసైక్లిన్, చాలా చవక.

దీన్ని పట్టుకోవడంలో ఫెరిటిన్ అనే రక్తపరీక్ష ముఖ్యమైనది. 2004 నాటి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఎనిమిది లక్షణాల్లో ఐదు ఉంటే హెచ్.ఎల్.హెచ్.గా భావిస్తారు. ఫెరిటిన్ 500 దాటడం వాటిలో ఒకటి. పెద్దవారిలో అది 10,000 దాటడమూ ఉంది. అయితే కాలేయం, కిడ్నీ జబ్బుల్లోనూ ఫెరిటిన్ పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్క అంకె చూసి తేల్చరు. ట్రైగ్లిజరైడ్లు, ఫైబ్రినోజెన్, అవసరమైతే మూలుగ పరీక్ష కలిపి చూస్తారు. పెద్దవారి కోసం 2014లో ఫ్రాన్సు వైద్యులు ‘హెచ్ స్కోర్’ అనే లెక్క తయారుచేశారు. మరో విచిత్రం ఉంది. రోగి పరిస్థితి దిగజారుతుంటే ఇ.ఎస్.ఆర్. పెరగాల్సింది పోయి పడిపోవచ్చు. ఇంటివారు దాన్ని మంచి కబురు అనుకుంటారు!

చికిత్స రెండు వైపులా ఒకేసారి నడవాలి. జబ్బును రేపిన కారణానికి మందు ఇవ్వాలి, రెచ్చిపోయిన రోగనిరోధక వ్యవస్థకు బ్రేకు వేయాలి. ఆ బ్రేకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. 2020లో ఆక్సిజన్ మీదున్న కోవిడ్ రోగుల ప్రాణాలు కాపాడుతుందని బ్రిటన్ పరిశోధనలో తేలింది కూడా ఈ పాత, చవక మందే. తీవ్రమైన కేసుల్లో ఎటోపొసైడ్ జత చేస్తారు. అది కీమోథెరపీ మందు. 1994లో పిల్లల కోసం రూపొందిన ఎనిమిది వారాల పద్ధతి నుంచి వచ్చింది, పెద్దవారికి మోతాదు తగ్గించి ఇస్తుంటారు. కొందరికి ఇమ్యునోగ్లోబులిన్ లేదా రుక్సోలిటినిబ్ మాత్రలు వాడతారు. మొదటిది బాగా ఖరీదు. స్టెరాయిడ్ చవకే కదా అని మెడికల్ షాపులో అడిగి వేసుకోవడం మాత్రం తగదు. లింఫోమా ఉన్నవారికి ముందే స్టెరాయిడ్ పడితే బయాప్సీలో అది దాక్కోవచ్చు.

సొసైటీ దాతలతో నేను ముఖ్యంగా మాట్లాడదలచింది ఇక్కడే. ఈ జబ్బులో ఖరీదైనది మందుల కన్నా ఆలస్యం. అవయవాలు దెబ్బతిన్నాక ఐసియు, వెంటిలేటర్, డయాలిసిస్ పేరుతో లక్షలు పోతాయి, అయినా చాలామంది దక్కరు. సాయం కోసం అర్జీలు సాధారణంగా ఆ దశలోనే వస్తాయి, మనమూ అప్పుడే కదులుతాం. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది, సంతోషం. కానీ ఆ పథకం జబితాలో ఉన్న చికిత్సల పేరు మీద నడుస్తుంది. జబ్బుకు పేరు పెట్టకముందు బయటి ల్యాబులో చేయించే పరీక్షల భారం ఎక్కువగా ఇంటివారిదే. ఫెరిటిన్ పరీక్షకు డబ్బు రేపు చూద్దామని ఆగిన ఇంట్లో ఆ రేపు చాలా బరువైనది.

జకాత్ హక్కుదారు ఎవరో విచారించి ఇవ్వాలి. హనఫీ పద్ధతిలో ఆ సొమ్ము అర్హుని సొంతం కావాలి కూడా. ఆసుపత్రి బిల్లు నేరుగా కట్టే ముందు ఉలమాను అడగడం అందుకే. ఆ విచారణకు రెండు మూడు రోజులు పట్టవచ్చు. కాబట్టి లిల్లాహ్ సొమ్ములో కొంత విడిగా ఉంచి, వారం దాటిన జ్వరానికి పరీక్షలు, హైదరాబాద్ వెళ్లే అంబులెన్సు ఖర్చు వెంటనే ఇవ్వగలిగితే మేలని నా అభిప్రాయం. అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబానికి తర్వాత జకాత్ ద్వారం ఎలాగూ ఉంది. జకాత్ హక్కుదారుల ఎనిమిది వర్గాల్లో రుణగ్రస్తులూ ఉన్నారు.

మన వైపు మొదటి గడప వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి. రక్తవ్యాధుల నిపుణుల అవసరం పడితే దాదాపు 130 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది. వెళ్లేటప్పుడు మొదటి రోజు నుంచి చేసిన రక్తపరీక్షల కాగితాలన్నీ తేదీల వారీగా తీసుకెళ్లాలి. కణాలు రోజురోజుకూ ఎలా పడ్డాయో ఆ వరుసే చెబుతుంది.

డబ్బు ఇవ్వలేని యువకులు రక్తం ఇవ్వవచ్చు. ఈ రోగులకు ప్లేట్‌లెట్లు పదేపదే అవసరమవుతాయి. నిల్వ ఉండేది ఐదు రోజులే కాబట్టి పిలిస్తే వచ్చే దాతల జాబితా కావాలి.

ఇంటికి వచ్చాక స్టెరాయిడ్‌ను వారాల తరబడి మెల్లగా తగ్గిస్తారు. జ్వరం పోయిందని మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబడవచ్చు. షుగర్ పెరగవచ్చు, చూసుకుంటూ ఉండాలి. ఆ సమయంలో రమజాన్ వస్తే ఉపవాసం సంగతి డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి. రోగికి షరీఅత్‌లో సడలింపు ఉంది, తప్పిన రోజాలు ఆరోగ్యం కుదుటపడ్డాక పూర్తి చేసుకోవచ్చు.