నీటి లెక్క అందరి ముందూ వేస్తే

విడపనకల్లు మండలంలో కానీ, అనంతపురం జిల్లాలోని మరే మెట్ట ఊరిలో కానీ, బోరు ఉన్న రైతు రబీకి ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఈసారి ఏ పంట వేయాలి? జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో ఎంత ఇంకిందో కంటికి కనపడదు. నేను తోడకపోతే పక్కవాడు తోడేస్తాడన్న భయంతో ఒకరు వరి వేస్తే, ఇంకొకరు బోరును మరింత లోతుకు దించుతారు. వేసవి రాకముందే ఇద్దరి బోర్లూ ఎండుతాయి. ఇందులో ఎవరి తెలివితక్కువతనమూ లేదు. ఎవరి మటుకు వారు సరిగ్గానే ఆలోచించి అందరూ మునుగుతున్నారు. 2002 నాటి వాల్టా చట్టం బోర్లకు నిబంధనలు పెట్టినా, ఈ భయాన్ని మాత్రం తీర్చలేకపోయింది.

ఆ భయాన్ని తగ్గించే దారి ఇక్కడే దొరికింది. 2000 దశకంలో అనంతపురంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో, నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఒక భూగర్భజల పథకం నడిచింది. రైతులే రోజూ వాన కొలిచేవారు. పదిహేను రోజులకోసారి బోరులోకి టేపు దింపి నీటిమట్టం చూసేవారు. డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో చూసి బోరు ఎంత పోస్తోందో తేల్చేవారు. ఆ అంకెలు ఊళ్లో అందరికీ కనపడేలా బోర్డు మీదికి ఎక్కేవి. వానాకాలం ముగిశాక కూర్చుని, ఎంత నీరుంది, అనుకున్న పంటలకు ఎంత కావాలి అని లెక్క వేసేవారు. వేరుశనగకు చాలే నీటికి రెట్టింపుకు పైగా వరి తాగుతుందని రైతుకు కొత్తగా చెప్పక్కర్లేదు. తన ఊరి నిల్వ పక్కన పెట్టి చూసినప్పుడే ఆ తేడా గుండెకు తగులుతుంది. తీర్మానాలు, జరిమానాలు లేవు. ఏం వేయాలన్నది ఎవరిష్టం వారిదే. చాలాచోట్ల నీరు తోడడం తగ్గిందనీ, అది త్యాగబుద్ధితో కాక ఎవరి నష్టభయం వారు చూసుకోవడం వల్లేననీ 2010లో ప్రపంచ బ్యాంకు అధ్యయనం చెప్పింది. నాకు ఇందులో విలువైనది ఇదే: అందరూ ఒక మాట మీదికి రాకపోయినా, అందరి ముందూ ఒకే లెక్క ఉంటే చాలు, ఊరి నిర్ణయం మెరుగుపడుతుంది.

నిధులు ఆగాక ఈ లెక్కలు వేసిన రైతు కమిటీలు చల్లబడ్డాయి కదా అంటారు. నిజమే, 2012లో వచ్చిన ఒక పరిశీలన ఆ మాటే చెప్పింది. కానీ వాన ఏటా మారుతుంది, కాబట్టి లెక్కా ఏటా వేయాలి; అంటే ఇదొక ప్రజాసేవ. జీతం, పరికరం, బాధ్యుడు లేకుండా ఏ ప్రజాసేవైనా ఎన్నాళ్లు నిలుస్తుంది? బోరు లేని కూలీలు, మహిళలు లెక్క వేసే సభల్లో వెనకబడతారన్న అభ్యంతరం ఇంతకంటే గట్టిది. తాగునీటి అవసరాన్ని పంటల కంటే ముందు లెక్కలోంచి తీసిపెట్టాలని వాళ్లు అడగగలగాలి. 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో వ్యవసాయ సహాయకులు ఉన్నారు. రబీ విత్తనాలు పంచడానికి ముందే వాళ్ల చేత గ్రామసభలో ఈ లెక్క వేయించే బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలి.