రుచి తగ్గదు, భారం తగ్గుతుంది: ఇంటి బార్బెక్యూ విందు

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో వారాంతపు రాత్రి భోజనం తరచు రెండు పంక్తులుగా చీలిపోతుంది. పిల్లలు బార్బెక్యూ శాండ్‌విచ్, ఫ్రైస్ కావాలంటారు. మధుమేహానికో రక్తపోటుకో మందులు వాడే పెద్దలు రెండు పుల్కాలతో సరిపెట్టుకుంటారు. ఈ విభజన అనివార్యమేమీ కాదు. ఆ వంటకానికి రుచినిచ్చేవేవి, భారాన్ని పెంచేవేవి అని పరిశీలిస్తే, రెండూ చాలావరకు వేరువేరని తేలుతుంది.

ఈ పరిశీలన ఆసియా సంతతివారికి మరింత అవసరం. శరీర భార సూచిక 25 దాటితే అధిక బరువని సాధారణ లెక్క. అయితే ఆసియా ప్రజలలో 23 నుండే జాగ్రత్త అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం 2004లో సూచించింది. సన్నగా కనిపించేవారిలోనూ నడుము చుట్టూ కొవ్వు చేరి, మధుమేహానికి దారితీయవచ్చు.

మొదట సాస్ సంగతి. కాన్సస్ సిటీ పద్ధతిలో టొమాటో, మొలాసిస్ ప్రధానం; తూర్పు నార్త్ కరోలినాలో వెనిగర్, మిరప ప్రధానం. అంగడిలో దొరికే తీపి సాసులలో అనేకం 2 టేబుల్ స్పూన్లకే 10 గ్రాములకు మించి చక్కెరను చేరుస్తాయి. అదనపు చక్కెర రోజుకు స్త్రీలకు 25, పురుషులకు 36 గ్రాములు మించరాదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సలహా. ఇంట్లో నలుగురికి 1 కప్పు టొమాటో గుజ్జు, 2 టేబుల్ స్పూన్ల వెనిగర్, 2 టీస్పూన్ల చింతపండు గుజ్జు, ఉల్లి, వెల్లుల్లి, ఆవపొడి, మిరియాలు, 1 టేబుల్ స్పూను బెల్లం కలిపి 15 నిమిషాలు సన్నని సెగపై ఉడికిస్తే చాలు. బెల్లమూ చక్కెరే కనుక అంతకు మించరాదు. చింతపండు ఇక్కడ పరాయిదేమీ కాదు. బార్బెక్యూ సాసులలో తరచు వాడే వూస్టర్‌షైర్ సాస్‌లోనూ అది ఉంటుంది. పులుపు, కారం ముందుకు వస్తే ఉప్పు కూడా తక్కువే సరిపోతుంది.

శాండ్‌విచ్ లోపలికి చర్మం తీసిన కోడి రొమ్ముమాంసం 1 పౌను తీసుకుని, లోపలి ఉష్ణోగ్రత 165 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరేదాకా నీటిలో ఉడికించి, పీచులుగా విడదీసి సాస్‌లో కలపాలి. శాకాహారులకు లేత పనసకాయ ఉన్నది. పనసపొట్టు కూర ఎరిగిన గోదావరి వాసులకు ఆ పీచు కొత్త కాదు. అయితే పనసలో మాంసకృత్తులు స్వల్పం. కనుక ఉడికిన రాజ్మా జోడించడం మేలు.

ఇక ఫ్రైస్. ముక్క నూనెలో వేగుతున్నప్పుడు దానిలోని నీరు ఆవిరై పోతుంది. ఆ ఖాళీలలోకి నూనె చేరుతుంది. బయటికి తీశాక చల్లారేటప్పుడు కూడా పైనున్న నూనె లోనికి ఇంకుతుంది. 1 టేబుల్ స్పూను నూనె అంటే సుమారు 120 కేలరీలు. కాని వేపుడుకు ఆ రంగు, సువాసన ఇచ్చేది నూనె మడుగు కాదు. ఫ్రెంచి రసాయనవేత్త మయ్యార్ 1912లో వివరించిన, అమైనో ఆమ్లాలకు చక్కెరలకు మధ్య జరిగే చర్యకు అందులో ప్రధాన పాత్ర. దానికి కావలసినవి తగినంత వేడి, పొడిగా ఉన్న ఉపరితలం.

కనుక క్యారెట్, చిలగడదుంపలు ఒకటిన్నర పౌను తీసుకుని, అరంగుళం మందాన కోసి, గుడ్డతో తడి తుడిచి, 1 టేబుల్ స్పూను నూనె పట్టించాలి. 425 డిగ్రీల ఓవెన్‌లో ఒకే వరుసగా పరచి, మధ్యలో ఒకసారి తిరగవేస్తూ 25 నుండి 30 నిమిషాలు కాల్చాలి. ముక్కలను ఇరికిస్తే తమ ఆవిరిలోనే మెత్తబడతాయి. నూనెను పూర్తిగా మానరాదు; వాటిలోని బీటా కెరోటిన్ ఒంటబట్టడానికి కొంత కొవ్వు కావాలి. ముక్కలను నల్లబడనివ్వరాదు. పిండిపదార్థాలున్న దుంపలు అధిక వేడికి గురైతే ఆక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఏర్పడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. బంగారు రంగు రాగానే తీసివేయాలి.

ముడిగోధుమ బన్ను, మయొనేజ్‌కు బదులు చిక్కని పెరుగు కలిపిన క్యాబేజీ తురుము జతచేస్తే విందు సిద్ధం. మధుమేహం ఉన్నవారు బన్ను, దుంపల పరిమాణం చూసుకుని వడ్డించుకుంటే చాలు. తాతగారు, మనుమడు ఒకే పంక్తిలో ఒకే వంట తినే ఆ రాత్రి, పథ్యమంటే శిక్ష కాదని పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.