పల్లెలో లేతుయంత్రము

ఊరి మంచినీటి పంపు ఆగిపోయినప్పుడు కారణమేమని విచారించినచో, పలుమారులు అరచేతిలో ఇమిడిపోవు ఒక కంచు బుష్షు అరిగినదని తేలును. మోటారు బాగుగనే యుండును. విద్యుత్తు వచ్చుచునే యుండును. కాని పంపు పాతది. దాని భాగములు అంగళ్ళలో దొరకవు. ఇంటి వసారాలో చిన్న లేతు పెట్టుకొని పనిచేయు పనివాడు దగ్గరలో ఉన్నచో ఆ బుష్షును ఒక పూటలో చేసియీయగలడు. అతనిచేత పని చేయించుకొను పద్ధతిని పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట అవసరము.

లేతు మనకు క్రొత్తదేమియు కాదు. ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రను తరిమెన పట్టి చేయునవే. అచట కర్ర తిరుగుచుండగా పనివాడు ఉలిని చేతితో పట్టును. లోహపు లేతులో తిరుగునది ఇనుము; ఉలిని పట్టునది మరతో జరుగు ఇనుప పీట. ఆ మరను త్రిప్పు చక్రముపై కొలత గీతలుండును. ఉలి మిల్లీమీటరులో పదవ వంతు లోనికి జరిగినచో కడ్డీ వ్యాసము పదింట రెండు వంతులు తగ్గును. చుట్టును లోహము తరుగును గదా!

ఇక అసలు సంగతి. అరిగిన బుష్షును మాత్రమే ఊడదీసి, "ఇటువంటిదే మరియొకటి చేసిపెట్టుము" అని పంపుట అంతటను కనబడు వాడుక. మేము చూచిన ఒక గ్రామమున అట్లే జరిగినది. పనివాడు అచ్చముగా అటువంటిదే చేసియిచ్చెను, అరుగుదలతో సహా. పంపు పదిదినములైనను నడువలేదు. నింద పనివానిపై పడినది. తప్పు అతనిది కాదని మా అభిప్రాయము. అరిగిన వస్తువు తన కొలతను పోగొట్టుకొన్నది. ఆ కొలతను ఇరుసునందును, బుష్షు కూర్చుండు గూటియందును వెదకవలెను. కావున బుష్షుతో బాటు ఆ రెండింటిని గూడ పంపవలెను. ఊడిరానిచో పనివానినే పంపువద్దకు పిలిపించి కొలిపింపవలెను. 25 మిల్లీమీటర్ల ఇరుసునకును బుష్షునకును నడుమ ఉండదగిన సందు మిల్లీమీటరులో నూరవవంతులు మూడు, నాలుగు మాత్రమే. దారముతో కొలిచి తేల్చునది కాదు. ఇరుసుపై గాడి పడియున్నచో ముందుగా దానిని లేతుపై సరిచేయించి, తగ్గిన కొలతకు బుష్షు చేయింపవలెను.

మరల విషయమునను ఇట్టి చిక్కే కలదు. పాత ఆయిలు ఇంజన్ల బోల్టులు అనేకము అంగుళపు కొలతవి. అర అంగుళపు విట్‌వర్తు బోల్టునకు అంగుళమునకు 12 చుట్లు. అనగా చుట్టునకు చుట్టునకు ఎడము రెండు మిల్లీమీటర్లకు పైచిలుకు. సాధారణమైన 12 మిల్లీమీటర్ల బోల్టున ఆ ఎడము 1.75 మాత్రమే. కంటికి రెండును ఒకటిగనే తోచును. బలవంతముగా బిగించినచో మర చెడును. లేతుపై పండ్లచక్రములను మార్చి రెండు విధముల మరలను కోయవచ్చును గనుక, బోల్టుతో బాటు నట్టును గూడ పంపుట మేలు.

అన్నిటిని లేతుపైననే చేయించుట తెలివి కాదు. ఇండియా మార్క్-2 చేతిపంపు భాగములు నిర్ణీత ప్రమాణములకు తయారై దొరకుచున్నవి. వాటిని కొనుటయే మంచిది.

లేతు నడుచుచుండగా పిల్లలు గుమిగూడుట సహజము. చుట్టలు చుట్టలుగా రాలు ఇనుప తీగ చూడ ముచ్చటయే. కాని అది కత్తివలె కోయును, కాలును. దానిని చేతితో లాగరాదు. కండువా, తలపాగా కొస, వదులు చొక్కా తిరుగు చక్కులో చిక్కినచో ప్రాణాపాయము. రక్షణకని తొడుగుకొను చేతితొడుగులు సైతము ఇచట కూడవు.

చేయించునప్పుడే రెండు బుష్షులు చేయించి, ఒకటి పంచాయతీ కార్యాలయమున భద్రపరచుట మంచిది. ఆ రెండవదాని రంధ్రమును కొంచెము చిన్నదిగా వదలుమని పనివానికి చెప్పవలెను; నాటికి ఇరుసు మరికొంత అరిగియుండవచ్చును గనుక, బిగించునాడు కొలిచి సరిచేయవచ్చును. ఇరుసు కొలత, గూటి కొలత, లోహము పేరు, తేదీ వ్రాసిన చీటిని దానికి కట్టియుంచవలెను.