మూట విప్పకమునుపు

రెండేండ్ల క్రిందట మా పాఠశాల కంప్యూటరులో క్రొత్త ఆపరేటింగ్ సిస్టమును ఎక్కింపవలసి వచ్చినది. తెలిసినవారొకరు పెన్‌డ్రైవులో ఒక ప్రతిని తెచ్చి యిచ్చిరి. దానిని పరీక్షింపకయే ఎక్కించితిమి. సగము దారిలో యంత్రము నిలిచిపోయినది. పాతది చెరిగినది, క్రొత్తది కుదురుకొనలేదు. పాఠ్యపుస్తకములు ఆలస్యముగా చేరు మనవంటి పాఠశాలలలో ఉపాధ్యాయులు తామే టైపు చేసికొన్న తెలుగు పాఠములకు ఎంత విలువ కలదో తలిదండ్రులకు వేరుగ చెప్పనక్కరలేదు. తొమ్మిదవ తరగతికై వ్రాసికొన్న పదునొకండు పాఠములు ఆనాడు పోయినవి. వేరొక ప్రతి తీసి యుంచకపోవుట ఒక తప్పు. వచ్చిన మూట చెడినదో లేదో చూడకపోవుట రెండవ తప్పు. రెండును నావే. ఈ రెండవదానిని గూర్చియే ఇచ్చట వ్రాయుచున్నాను.

సాఫ్ట్‌వేరనునది సాధారణముగ ఒక్క ఫైలు కాదు. వందలు వేలుగా నున్న ఫైళ్లను ఒకచో చేర్చి, నొక్కి, ఒకే మూటగా కట్టి పంపుదురు. ఆ మూటకే ఆర్కైవని పేరు. జిప్, టార్ అనునవి అట్టి మూటలు కట్టు పద్ధతులు. తయారుచేసినవారి యొద్దనుండి మన యంత్రమును చేరులోపల ఆ మూట ఎన్నియో చేతులు మారును. దారిలో కరెంటు పోయి సగమే దిగవచ్చును. పెన్‌డ్రైవు చెడి నడుమ కొన్ని అక్షరములు మారవచ్చును. దుర్మార్గుడొకడు కావలెననియే లోపల మరియొకటి దూర్చవచ్చును. పైకి మూడును ఒక్క తీరుననే కనబడును. పేరు అదే, గుర్తు అదే.

లెక్కల తరగతిలో గుణకారము సరిచూచు పాత ఉపాయ మొకటి మీలో కొందరు నేర్చియుందురు. 23ను 17తో హెచ్చవేసిన 391. 2, 3 కలిపిన 5. 1, 7 కలిపిన 8. ఐదెనిమిదులు నలుబది, అనగా 4. ఇటు 3, 9, 1 కలిపిన 13, అనగా మరల 4. కావున లెక్క సరియే అనుకొందుము. కాని పొరపాటున 319 అని వ్రాసినను వచ్చునది 4 మాత్రమే! అంకెలు తారుమారైనచో ఈ ఉపాయము పట్టుకొనలేదు. పెద్దదానికి చిన్న గుర్తొకటి కట్టి, ఆ గుర్తును మరల లెక్కించి పోల్చుటయే ఇందలి కీలకము. గుర్తు ఎంత గట్టిదైన పరీక్ష అంత గట్టిది.

జిప్ మూటలో ఇట్టి గుర్తు లోపలనే యుండును. దానిని సి.ఆర్.సి. 32 అందురు. అది 32 బిట్లది. సుమారు 429 కోట్ల విలువలలో ఒకటి. దారిలో యాదృచ్ఛికముగ కలిగిన దెబ్బను అది చక్కగా పట్టును. కాని మూటను విప్పి, లోని సరుకు మార్చి, మరల కట్టినవాడు క్రొత్త గుర్తును కూడ తానే కట్టును. దొంగ తూకపురాయిని సైతము వెంట తెచ్చుకొన్నట్లే!

అందుచేత బయటనుండి పోల్చుటకు ఇంకను గట్టి గుర్తు కావలెను. నేడు ఎక్కువగ వాడునది ఎస్.హెచ్.ఏ. 256. ఫైలు ఎంత పెద్దదైనను, ఎంత చిన్నదైనను ఇది 256 బిట్ల గుర్తు నిచ్చును. దానిని 0 మొదలు 9 వరకు అంకెలతోను, ఏ మొదలు ఎఫ్ వరకు ఇంగ్లీషు అక్షరములతోను 64 స్థానములలో వ్రాయుదురు. ఏ, బి, సి అను మూడక్షరములు మాత్రమున్న ఫైలునకు గుర్తు బి, ఏ, 7, 8, 1, 6, బి, ఎఫ్ అని మొదలగును. మీరు చేసినపుడు వేరొకటి వచ్చినచో యంత్రమును నిందింపకుడు. చివర మీరు ఎంటర్ మీట నొక్కియుందురు. కంటికి కనబడని ఆ పంక్తిముగింపు కూడ ఒక అక్షరమే. ఒక్క అక్షరము చేరినంతనే గుర్తు గుర్తుపట్టరాకుండ మారిపోవును. ఇదియే దీని బలము. దీనికి ముందువాడిన ఎమ్.డి. 5 పద్ధతిలో ఒకే గుర్తుగల రెండు వేర్వేరు ఫైళ్లను చేయవచ్చునని 2004లో చైనా దేశపు గణితవేత్త వాంగ్ షియావోయున్, ఆమె సహచరులు నిరూపించిరి. ఎస్.హెచ్.ఏ. 1కి 2017లో అదే గతి పట్టినది.

ఇక చేయు విధము. లినక్సు యంత్రములో టెర్మినల్ తెరచి, ఫైలున్న చోటికి పోయి, ఎస్, హెచ్, ఏ, 2, 5, 6, ఎస్, యు, ఎమ్ అని చిన్న ఇంగ్లీషక్షరములతో, నడుమ ఖాళీ లేక వ్రాయవలెను. పిదప ఒక ఖాళీ విడిచి ఫైలు పేరు. ఎంటర్ నొక్కినంతనే 64 స్థానముల గుర్తు వచ్చును. తయారుచేసినవారు ప్రకటించిన గుర్తుతో దానిని పోల్చవలెను. మొదటి నాలుగును చివరి నాలుగును చూచి తృప్తిపడువారు కలరు. అది మంచి అలవాటు కాదు. గుర్తుల జాబితా ఫైలుగా దొరకినచో ఆజ్ఞ తరువాత అడ్డగీత, సి అని చేర్చి, ఫైలు పేరునకు బదులు జాబితా పేరు వ్రాసిన యంత్రమే పోల్చి ‘ఓకే’ అనియో ‘ఫెయిల్డ్’ అనియో చెప్పును. విండోసులో సర్ట్‌యుటిల్ అను ఆజ్ఞ కలదు: దాని వెంట అడ్డగీతతో హ్యాష్‌ఫైల్, ఫైలు పేరు, ఎస్.హెచ్.ఏ. 256 అని చుక్కలు, ఖాళీలు లేక వ్రాయవలెను. ఈ చివరి మాట మరచినచో అది ఎస్.హెచ్.ఏ. 1 గుర్తునిచ్చును, సరిపోలలేదని కంగారు పడుదురు.

‘ఫెయిల్డ్’ అని వచ్చినచో మూటను తెరువక చెరిపివేసి మరల దించుకొనవలెను. రెండవమారును అట్లే వచ్చినచో దించుకొన్న చోటునే అనుమానింపవలెను.

ఇచట ఒక చిక్కు కలదు. 2016 ఫిబ్రవరి 20న లినక్సు మింట్ వారి వెబ్‌సైటులో దుండగులు చొరబడి, డౌన్‌లోడు లంకెను రహస్యద్వారము దూర్చిన వేరొక ప్రతివైపు త్రిప్పిరి. లంకెను మార్చగలిగినవాడు అదే పుటలోని గుర్తును మార్చలేడా? కావున గుర్తుల జాబితాపై తయారుచేసినవారి సంతకముండవలెను. ఇందులకు జి.పి.జి. అను ఉపకరణము కలదు. వెరిఫై అని ఆజ్ఞాపించి, సంతకపు ఫైలును జాబితాను చూపిన, సంతకము సరియైనచో ‘గుడ్ సిగ్నేచర్’ అని చెప్పును. దాని క్రింద ఈ తాళపుచెవి ఎవరిదో నిర్ధారణ కాలేదని హెచ్చరిక కూడ రావచ్చును. భయపడ పని లేదు, ఉపేక్షింపను రాదు. తాళపుచెవికి 40 స్థానముల వ్రేలిముద్ర వంటి సంఖ్య యుండును; దానిని ఆ వెబ్‌సైటు కాక వేరొక చోట, ముద్రిత పుస్తకమందో తెలిసినవారి యొద్దనో, సరిచూచుకొనవలెను.

సంతకము సరియైనంత మాత్రమున సరుకు మంచిదని కాదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు ఎక్స్.జెడ్. అను పరికరపు 5.6.0, 5.6.1 మూటలలో రహస్యద్వారమున్నట్లు బయటపెట్టెను. ఆ మూటలను విడుదల చేసినవాడే దానిని దూర్చినవాడు! గుర్తు సరియే, సంతకము సరియే. దూరపు యంత్రములోనికి ప్రవేశించుటకు అరసెకను ఎక్కువ పట్టుచున్నదేమని శోధించుటచే అది దొరకినది. మన పరీక్ష చెప్పునది ఒక్కటే: ఆయన పంపినదియు నాకు చేరినదియు ఒక్కటేనని. ఆయన ఎట్టివాడో అది చెప్పదు.

పోయిన పదునొకండు పాఠములలో ఏడింటిని మరల టైపు చేసితిమి. ఈమారు రెండు పెన్‌డ్రైవులలో ఉంచి, ప్రతి పాఠమునకు గుర్తు లెక్కించి, ఆ జాబితాను అచ్చువేసి బీరువా తలుపునకు లోపలివైపున అంటించితిమి. నెలకొకమారు పదవ తరగతి పిల్లలు ఆజ్ఞ నిచ్చి సరిచూచుచున్నారు. క్రిందటి నెలలో ఒక పాఠమునకు ‘ఫెయిల్డ్’ వచ్చినది. విచారింపగా, నేనే ఒక అచ్చుతప్పు దిద్ది జాబితా మార్చుట మరచితిని.