ఇంట కుక్కను పెంచుట

మానవుడు మచ్చిక చేసికొన్న జంతువులలో కుక్కయే మొట్టమొదటిదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆవును, గుఱ్ఱమును పెంచుట నేర్వకముందే, వేటాడి బ్రదుకు దినములలోనే, అది మనుజుని వెంట నడచినది. అయినను మనలో దానికి దొరకిన మర్యాద చిత్రమైనది. ఒకనిని తిట్టవలసినప్పుడు కుక్క యందుము. విశ్వాసమును మెచ్చవలసినప్పుడును కుక్కనే చెప్పుదుము. హాస్యమునకు గ్రామసింహ మని బిరుదు నిత్తుము. గుమ్మము దగ్గఱకు వచ్చినచో కఱ్ఱ నెత్తుదుము. ఇటీవల పట్టణములలోనేమి, పల్లెలలోనేమి, పిల్లలు కోరిరని కుక్కపిల్లను తెచ్చుకొను కుటుంబములు పెరుగుచున్నవి. తెచ్చువారు పురుషులు, ముద్దాడువారు పిల్లలు. చాకిరీ మాత్రము ఇల్లాలిది. కనుకనే యీ విషయమును సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

భారతము చదివినవారికి సరమ కథ జ్ఞాపకముండును. జనమేజయుడు యాగము చేయుచుండగా సరమ యను దేవతల కుక్క కుమారుడు అచ్చటికి పోయెను. రాజుగారి తమ్ములు ఆ కుక్కపిల్లను కొట్టిరి. అది యేడ్చుచు తల్లికి చెప్పుకొనెను. తల్లి వచ్చి, ఏ తప్పును చేయని నా బిడ్డ నేల కొట్టితిరని యడిగిన, వారు బదులు పలుకలేకపోయిరి. మీకు అనుకోని భయము కలుగుగాక యని పలికి యామె వెడలిపోయెను. అంతటి గ్రంథము మొదట నొక కుక్కతల్లి మొఱ వినబడుచున్నది. చివర ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని నిలిచినాడు. తప్పెఱుగని దానిని కొట్టరాదు, నమ్మి వచ్చిన దానిని విడువరాదు అను రెండు ధర్మములే కుక్కపెంపకమునకు పునాదులు. తక్కినదంతయు వీని వివరమే.

తెచ్చుకొనుటకు ముందు

మంచుదేశములలో పుట్టిన హస్కీ, సెయింట్ బెర్నార్డు మొదలగు జాతులను చూచి ముచ్చటపడి కొనువారు కలరు. కుక్కకు మనవలె ఒడలంతట చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటచేతనే అది వేడిని బయటికి పంపుకొనును. దట్టమైన బొచ్చుగల జంతువును రెంటచింతల, రామగుండముల యెండలలో నుంచుట దానికి చెఱయే యగును. పగ్గు వంటి పొట్టిముక్కు కుక్కలకు వేసవిలో ఊపిరియే కష్టము. మన వీథిలో పుట్టిన నాటుకుక్క యీ గాలికి, యీ యెండకు తరతరములుగా అలవాటు పడినది. తెలివికిని, కావలికిని అది దేనికిని తీసిపోదు.

కుక్కపిల్లను ఎనిమిది వారములు నిండక తల్లినుండి వేఱు చేయరాదు. తోడిపిల్లలతో ఆడుచున్నప్పుడు గట్టిగా కఱచినచో అవి కెవ్వుమని ఆట మానివేయును. పండ్ల నెంతవఱకు వాడవచ్చునో కుక్కపిల్ల నేర్చుకొను తొలిపాఠ మదియే. ముందుగా తెచ్చిన పిల్ల యీ పాఠము నేర్వక, పిదప మన బిడ్డల చేతులమీద నేర్చుకొనును. మూడవ వారము మొదలు మూడు నెలలు దాటువఱకును దానికి లోకజ్ఞానము కలుగు కాలము. పాలవాని సైకిలు, తాతగారి చేతికఱ్ఱ, కుక్కరు ఈల, వచ్చిపోవు చుట్టములు, వీనినన్నింటిని ఆ దినములలోనే భయము కలుగకుండ మెల్లగా పరిచయము చేయవలెను. మొక్కై వంగనిది మానై వంగునా?

శిక్షణము

కుక్కకు మాటల అర్థము తెలియదు. తాను చేసిన పనికి వెంటనే లభించిన ఫలము మాత్రమే తెలియును. మంచిపని చేసిన మఱుక్షణమున చిన్న తినుబండారమో, మెచ్చుకోలో దొరకినచో ఆ పని మరల చేయును. పొద్దున చాపను తడిపినందుకు మధ్యాహ్నము కొట్టినచో ఏల కొట్టితిరో దానికి బోధపడదు. కొట్టిన చేతిని చూచి భయపడుట మాత్రము నేర్చుకొనును. ముక్కును మలినమునకు రాయుట యను అలవాటు క్రూరమేకాక నిష్ప్రయోజనము. నిద్ర లేచినప్పుడు, తిన్నప్పుడు, ఆడి అలసినప్పుడు, ఈ మూడు వేళల నొకేచోటికి బయటికి కొనిపోయి, పని ముగిసిన వెంటనే మెచ్చుకొనిన చాలును. రెండు మూడు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకొనలేదని మఱువరాదు. ఇంటిలో తప్పు జరిగినచో మాటలాడక, వాసన మిగులకుండ కడిగివేయవలెను. వాసన మిగిలిన చోటికే అది మరల వచ్చును.

ఇంటిల్లిపాదియు ఒక పనికి ఒకే మాట వాడవలెను. తండ్రి రమ్మనియు, కుమారుడు కమాన్ అనియు, నాయనమ్మ ఇటురావే యనియు పిలిచినచో కుక్క యే భాష నేర్వవలెను? రా, కూర్చో, ఉండు, వదులు, ఈ నాలుగు మాటలు చాలును. తినుబండారమును ముక్కుకు పైగా పట్టి వెనుకకు జరిపినచో తల యెత్తబోయి తానే కూర్చుండును. ఆ క్షణమున కూర్చో యని చెప్పి పెట్టవలెను. ఒక్కొక్కమాఱు అయిదు నిమిషములకు మించక, దినమునకు రెండు మూడు మాఱులు నేర్పిన చాలును. రమ్మని పిలిచి మాత్ర మెన్నడును దండింపరాదు. ఒక్కమాఱు అట్లు చేసితిమా, ఆ పిలుపు చెడిపోయినట్లే.

మావారు బడిపంతులు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టము బడులలో పిల్లలను దండించుటను నిషేధించినది. బెత్తముతో నేర్పినది బెత్తము కనబడినంతసేపే నిలుచునని వారి అనుభవము. ఇంటిలో కుక్కకును అదియే న్యాయము.

మా అత్తగారు మడి కట్టుకొనువారు. కుక్కపిల్ల వచ్చిన దినముననే వారొక నిబంధన చెప్పిరి: వంటయింటి గడపను, దేవుని గది గడపను అది దాటరాదు. మేము తలుపులు బిగించలేదు, కఱ్ఱయును పట్టలేదు. గడప కీవల ఆగినప్పుడెల్ల చిన్న ముక్క పెట్టితిమి. దాటినప్పుడు పలుకక యెత్తి యీవల నుంచితిమి. ఆ దినములలో వంటయింటిలో దాని కేమియు దొరకనీయలేదు. ఇరువది దినములకే గడపపై గడ్డ మానించి పండుకొనుట నేర్చినది. ఇప్పుడు దాని పెరుగన్నము వేళకు పడినదా యని మొదట నడుగువారు అత్తగారే.

నాలుగవ నెల మొదలుకొని పాలపండ్లు ఇరువదెనిమిదియు ఊడి, నలువదిరెండు పండ్లు క్రొత్తగా వచ్చును. ఆ దినములలో చిగుళ్ల దురదచే చేతికందిన దానినెల్ల కొఱుకును. పాత చెప్పు నిచ్చి ఆడుకొమ్మనువారు కలరు. పాతదానికిని క్రొత్తదానికిని భేదము దానికెట్లు తెలియును? పాత గుడ్డను గట్టిగా ముడివైచి యిచ్చుట మేలు.

దినమంతయు గొలుసున కట్టివేసిన కుక్క కావలికి పనికివచ్చు ననుకొనుట పొరపాటు. అది భయమునకును కోపమునకును లోనై, అయినవారిని సైతము కఱచును. కదలుటకు వీలులేని పొట్టిగొలుసున అనుచితముగా కట్టియుంచుటయు, కట్టియుంచిన కుక్కకు నడక లేకుండ చేయుటయు 1960 నాటి జంతుహింస నివారణ చట్టమునుబట్టి నేరములు. ఉదయ సాయంకాలములు నడిపించుట కుక్కకే కాదు, మనకును ఆరోగ్యమే.

ఆహారము, ఆరోగ్యము

మూడు నెలలవఱకు దినమునకు నాలుగు మాఱులును, ఆఱు నెలలవఱకు మూడు మాఱులును, పిమ్మట రెండు మాఱులును ఆహారము పెట్టవలెను. మెత్తని అన్నము, ఉడికించిన గ్రుడ్డు, ఎముకలు తీసిన మాంసము, ఉడికిన గుమ్మడి, క్యారెట్టు, పెరుగు దానికి హితము. మాంసము వండని యిండ్లలో పశువైద్యు నడిగి కొఱత తీర్చుకొనవలెను. మిగిలిన కూరలు, పులుసులు కుక్కకు వేయుట మన యిండ్ల వాడుక. ఉల్లియు వెల్లుల్లియు దాని రక్తమును చెఱచును. ద్రాక్ష, కిస్మిస్ మూత్రపిండములకు చేటు. చాక్లెటు విషము. చక్కెరకు బదులుగా జైలిటాల్ చేర్చిన తీపిపదార్థములు ప్రాణాంతకములు. వండిన యెముకలు చీలికలై ప్రేగులను గ్రుచ్చును. జ్వరమునకు మనము మ్రింగు మాత్రలను దానికి వేయరాదు. మనకు మేలుచేయు పారాసిటమాలు, ఇబుప్రోఫెనులే దానిని చంపవచ్చును.

ఆఱు మొదలు ఎనిమిది వారములలో డిస్టెంపరు, పార్వో అను వ్యాధులకు తొలిటీకా వేయించి, నెలకొకమాఱుగా నాలుగు నెలలు నిండువఱకు మరల వేయింపవలెను. మూడవ నెలలో రేబిస్ టీకా, పిదప పశువైద్యుడు చెప్పినట్లు ఏటేట తప్పక వేయింపవలెను. నులిపురుగుల మందును వైద్యుడు చెప్పిన గడువులలో పట్టవలెను. చెవులలోను, వ్రేళ్లసందులలోను గోమార్లు దాగును. అవి రక్తము పీల్చుటయేకాక ప్రాణాంతకమైన జ్వరములను తెచ్చును. వారమున కొకమాఱైనను బొచ్చు విడదీసి చూడవలెను.

కుక్కకాటు

ఈ వ్యాసమున నన్నిటికంటె ముఖ్యమైన మాట యిది. రేబిస్ లక్షణములు కనబడిన పిమ్మట మనుష్యుని బ్రదికించు మందు దాదాపు లేదనియే చెప్పవలెను. కాని కఱచిన వెంటనే జాగ్రత్తపడినచో ఆ వ్యాధి రానేరాదు. ఈ రెండు వాక్యముల నడుమనే బిడ్డ ప్రాణ మున్నది. 1885 జూలైలో జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలుని పిచ్చికుక్క కఱవగా, తల్లి వానిని పారిసునందున్న లూయీ పాశ్చరు కడకు కొనిపోయెను. ఆయన వేసిన టీకాలచే బాలుడు బ్రదికెను. మన దేశమున 1900లో కసౌలీయందును, 1907లో కూనూరునందును ఆయన పేరిట సంస్థలు వెలసినవి. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని పెద్దలు భయపెట్టు ఆ పాతమందు 2005 నుండి వాడుకలో లేదు. ఇప్పుడు భుజమున వేయు కొద్ది సూదులే.

రెండేండ్ల క్రిందట మాయింటికి చదువుకొనవచ్చు పిల్లవాడొకడు కుంటుచుండగా చూచి యడిగితిమి. ముందటి సాయంకాలము వీథికుక్క పిక్కపై కఱచినది. తల్లి పసుపును సున్నమును అద్ది, ఎవరికిని చెప్పవద్దన్నదట. ఆసుపత్రికి పోయిన ఆమెకు దినకూలి పోవును; అయిదు సూదులకు అయిదు దినముల కూలి. ఆమె అజ్ఞానమనుట తేలిక. ఆమె లెక్క ఆకలి లెక్క. గాయమును సబ్బుతో, పాఱు నీటిక్రింద గడియారము చూచి పదునైదు నిమిషములు కడిగి, వానిని ప్రభుత్వ వైద్యశాలకు కొనిపోయితిమి. మిగిలిన సూదులకు వీథిలోని ఆడువారము వంతులు వేసికొని వెంటబెట్టుకొని పోయితిమి. బాలుడు కుశలముగా నున్నాడు. ఆ కుక్క పిచ్చిదో కాదో నేటికిని తెలియదు. తెలియనప్పుడు పిచ్చిదనియే యెంచి మందు తీసికొనవలెను.

కాబట్టి సోదరీమణులారా, పసుపు, కారము, సున్నము, కాఫీపొడి, ఏదియు గాయమునకు పూయరాదు. పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే వైద్యుని చూడవలెను. కండలో వేయునట్లయిన మొదటి దినమును, పిమ్మట 3, 7, 14, 28వ దినములందును టీకా వేయుదురు. లోతు గాయమైనచో గాయముచుట్టు వేఱొక మందు కూడ వేయుదురు. కఱచినది పెంపుడుకుక్క యైనను, చిన్నపిల్ల యైనను ఉపేక్షింపరాదు. కుక్కను పది దినములు కనిపెట్టి చూచుట యొకప్రక్క, టీకా మొదలిడుట యొకప్రక్క జరుగవలెను. తినుచున్న, నిద్రించుచున్న, పిల్లలకు పాలిచ్చుచున్న కుక్కను ముట్టవద్దనియు, తఱుముకొని వచ్చినచో పరుగెత్తక చెట్టువలె నిలువుమనియు బిడ్డలకు నేర్పవలెను. చెప్పవద్దను మాట మాత్రము నేర్పరాదు. కుక్క గీరినను తల్లికి చెప్పు ధైర్యము వారికుండవలెను.

విడువరాదు

కుక్క ఆయుష్షు పది పన్నెండేండ్లు. రెండవ తరగతి చదువు పిల్లవాని కొఱకు తెచ్చిన కుక్క, వాడు కాలేజీకి పోవునాటికి ముసలిదై చూపు తగ్గి గుమ్మమున పండుకొనియుండును. అప్పుడును దానికి మెత్తని అన్నము, మందు, పొద్దుట నాలుగడుగుల నడక కావలెను. బదిలీ వచ్చినదనియు, అద్దెయింటివారు ఒప్పుకొనలేదనియు, పెద్దదై ముచ్చట తీఱినదనియు సంతలోనో, ఊరిచివరనో వదలివేయుట తఱచుగా వినుచున్నాము. ఇంటి అన్నము తిన్న కుక్క వీథిలో తిండి వెదకికొనుట యెఱుగదు. దానిని అచ్చటి కుక్కలు రానీయవు.

కనుక కుక్కపిల్ల కావలెనని పిల్లలు మారాము చేసినప్పుడు ఇల్లాలు ముందుగా ఇంటివారిని కూర్చుండబెట్టి అడుగవలెను. పొద్దున నడిపించువా రెవరు? మేము పుట్టింటికి పోయిన దినములలో అన్నము పెట్టువా రెవరు? టీకా ఖర్చు నెల ఖర్చులలో చేర్చినారా? ముసలిదైన పిమ్మట దాని మలినమును కడుగువా రెవరు? అన్నింటికిని మీరే యని జవాబు వచ్చినచో, ఇప్పటికి వద్దని నిర్మొగమాటముగా చెప్పుట యింటికిని మేలు, కుక్కకును మేలు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క పేరు చెప్పి కాగితముమీద వ్రాసికొన్నచో, సందేహింపక తెచ్చుకొనవచ్చును. అట్టి యింట పెరిగిన కుక్క కావలి కాయును, పిల్లలకు దయ నేర్పును. సాయంకాలము బయటినుండి అలసివచ్చినవారికి మొదట నెదురువచ్చునదియు అదియే.