పదిహేనేళ్లు ఆగిన సాక్ష్యం

సొలొమోను కట్టించిన పట్టణాల జాబితాలో తద్మోరు అనే పేరు ఒకటుంది (2 దినవృత్తాంతములు 8:4). అరణ్యంలో ఉన్న పట్టణమని తప్ప లేఖనం అక్కడ ఇంకేమీ చెప్పదు కాబట్టి బైబిలు చదివేవాళ్లు ఆ పేరు దగ్గర ఆగరు. సిరియా ఎడారిలో వర్తకుల ఒంటెల బిడారులు ఆగే ఒయాసిస్సు అది. రోమీయులు దాన్ని పల్మీరా అన్నారు. 2015లో తీవ్రవాదులు ఆ పట్టణాన్ని ఆక్రమించి, దాదాపు రెండు వేల ఏళ్లనాటి కట్టడాలను పేల్చివేశారు. అదే ఏడాది డిసెంబరులో అంతర్జాతీయ ఖగోళ శాస్త్ర సంఘం, ప్రజల ఓట్లను బట్టి, ఆ పాత పేరునే ఒక గ్రహానికి పెట్టింది. మనకు సుమారు 45 కాంతి సంవత్సరాల దూరంలో ఒక నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహమది. ఆ నక్షత్రం పేరు ఎర్రాయ్. మన చెవికి ఎర్ర రాయిలా వినిపిస్తుంది గానీ, అరబ్బీ భాషలో దానికి కాపరి అని అర్థం.

కాపరి చుట్టూ తిరుగుతున్న తద్మోరు! ఈ రెండు పేర్లు చాలు, మాలాంటి బోధకులకు ఒక ప్రసంగం తయారైపోతుంది. కానీ పేర్ల సంగతి పక్కనబెట్టి, ఆ గ్రహం ఉందని మొదట చెప్పిన మనుషుల సంగతి చెప్పాలని ఉంది. వాళ్లు ఆ మాట అన్నారు, తర్వాత తామే వెనక్కి తీసుకున్నారు. పదిహేనేళ్లకు ఆ మాటే నిలిచింది.

ఎర్రాయ్‌ను మన ఊళ్ల నుంచి చూడవచ్చు. నవంబరు మధ్యలో, రాత్రి ఎనిమిది గంటల వేళ, ఉత్తర దిక్కుకు తిరిగి నిలబడండి. ధ్రువ నక్షత్రానికి పైన, చెయ్యి చాచి పట్టిన పిడికిలి కన్నా కాస్త ఎక్కువ ఎత్తులో ఒంటరిగా ఉంటుంది. పెద్ద వెలుగేమీ కాదు, పట్నంలో దీపాల మధ్య కనబడకపోవచ్చు. సెఫియస్ అనే నక్షత్ర మండలంలో ఉంది కాబట్టి శాస్త్రజ్ఞులు దాన్ని గామా సెఫై అంటారు. వయసు మళ్లి, ఉబ్బుతున్న నక్షత్రమది. వెడల్పులో మన సూర్యుడికి దాదాపు అయిదు రెట్లు. ఇలా ఉబ్బిన వాటినే జెయింట్ నక్షత్రాలంటారు.

అంత దూరాన ఉన్న గ్రహం కంటికి గానీ అప్పటి దుర్భిణులకు గానీ కనబడేది కాదు. నక్షత్రపు వెలుగులో అది మునిగిపోతుంది. అందుకని శాస్త్రజ్ఞులు గ్రహాన్ని వదిలి నక్షత్రం కదలికను చూస్తారు. తండ్రి పసివాడి రెండు చేతులు పట్టుకొని గిరగిరా తిప్పుతుంటే, తిరిగేది పిల్లవాడే అయినా తండ్రి కూడా ఒకచోట నిలవలేడు, వెనక్కి వాలుతూ చిన్న గుండ్రంలో కదులుతుంటాడు. గ్రహం లాగినప్పుడు నక్షత్రమూ అంతే. ఒకసారి మనవైపు కొద్దిగా వస్తుంది, ఇంకోసారి కొద్దిగా వెనక్కి పోతుంది. రైలు దగ్గరకు వస్తున్నప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపించినట్లే, మనవైపు వచ్చే నక్షత్రం వెలుగు నీలం వైపు, దూరమయ్యే నక్షత్రం వెలుగు ఎరుపు వైపు జరుగుతుంది. వెలుగును ఇంద్రధనుస్సులా విడదీస్తే అందులో సన్నని నల్లని గీతలు కనబడతాయి. ఆ గీతలు ఎంత జరిగాయో కొలిస్తే నక్షత్రం వేగం తెలుస్తుంది. దీన్ని రేడియల్ వెలాసిటీ పద్ధతి అంటారు.

చెప్పడం తేలికే. మన సూర్యుణ్ణి అంత పెద్ద బృహస్పతి కూడా సెకనుకు సుమారు 12 మీటర్ల వేగంతోనే ఊపుతుంది, అదీ పన్నెండేళ్లకు ఒక చుట్టు. ఎర్రాయ్ ఊగేది సెకనుకు 27 మీటర్లు, అంటే హైవే మీద పోయే కారు వేగం. వెలుగు వేగంతో పోలిస్తే అది కోటిలో ఒక వంతు పాటిది. 1970ల చివర కెనడాలో బ్రూస్ క్యాంప్‌బెల్, గోర్డన్ వాకర్ అనే ఇద్దరు దీన్ని కొలవడానికి ఒక ఉపాయం కనిపెట్టారు. నక్షత్రపు వెలుగు పరికరంలోకి పోయేముందు హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాయువు నింపిన చిన్న గొట్టం గుండా పోయేలా చేశారు. ఆ వాయువు గీతలు నక్షత్రపు గీతల పక్కనే స్కేలు గీతల్లా పడతాయి. అది విషవాయువు, గాజును సైతం తినేస్తుంది. దాన్ని నూరు డిగ్రీల వేడిలో ఉంచుతూ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని పనిచేయాలి. హవాయి ద్వీపంలో మౌనా కియా కొండమీది దుర్భిణిని ఏటా కొద్ది రాత్రులే వాళ్లకిచ్చేవారు. ఆ కొద్ది రాత్రులతోనే ఏళ్ల తరబడి అవే నక్షత్రాలను మళ్లీ మళ్లీ కొలిచారు.

1988లో క్యాంప్‌బెల్, వాకర్, స్టీఫెన్‌సన్ యాంగ్ కలిసి తమ కొలతలను ప్రకటించారు. గామా సెఫైకి తోడుగా ఇంకో నక్షత్రం ఉందని దాని నెమ్మదైన కదలికను బట్టి తెలిసింది. ఆ పెద్ద కదలిక మీద ఒక చిన్న ఊపు కూడా ఉంది, రెండున్నరేళ్లకు కాస్త ఎక్కువగా ఒక చుట్టు. బృహస్పతి కన్నా బరువైన గ్రహమేదో ఉండవచ్చన్నారు. అప్పటికి సూర్యుడు కాని మరో నక్షత్రం చుట్టూ గ్రహముందని రుజువైన సందర్భమే లేదు. ఆ మాట నిలిస్తే చరిత్రలో వాళ్ల స్థానం ఎక్కడుండేదో చెప్పనక్కరలేదు.

నాలుగేళ్లకు, 1992లో, వాకర్ బృందం మరో వ్యాసం ప్రకటించింది. ఈ నక్షత్రం జెయింట్ జాతిదని, అలాంటివి తమ చుట్టూ తాము తిరగడానికే రెండు మూడేళ్లు తీసుకోవచ్చని, నక్షత్రం ఒంటి మీద మచ్చలుంటే అవి తిరిగి వచ్చినప్పుడల్లా గీతలు జరిగినట్లు కనబడతాయని రాశారు. పైగా నక్షత్రంలోని కాల్షియం గీత ఒకటి దాదాపు అదే కాలంతో మారుతున్నట్లు తోచింది. గ్రహం కాకపోవచ్చు, నక్షత్రం తిరగడమే అయ్యుంటుంది అన్నారు. 1995లో, పన్నెండేళ్లు గాలించిన 21 నక్షత్రాల్లో దేని చుట్టూ బృహస్పతి వంటి గ్రహం దొరకలేదని ప్రకటించారు. అదే ఏడాది అక్టోబరులో స్విట్జర్లాండుకు చెందిన మైకేల్ మేయర్, డిడియే కెలోజ్ 51 పెగాసి నక్షత్రం చుట్టూ గ్రహాన్ని కనుగొన్నట్లు ప్రకటించారు. 2019లో వాళ్లకు నోబెల్ బహుమానం వచ్చింది.

జెయింట్ నక్షత్రాలు ఎలా ఏమారుస్తాయో మనవాళ్లకు బాగా తెలిసిన మూడు నక్షత్రాలతో చెబుతాను. రోహిణి కార్తె ఎండలంటే భయపడతామే, ఆ రోహిణి, స్వాతి, పునర్వసు జంటలో ఒకటైన పోలక్స్. పౌలు మెలితే ద్వీపం నుంచి రోముకు ప్రయాణం చేసిన ఓడ మీద ఉన్నది ఈ కవల సోదరుల చిహ్నమే (అపొస్తలుల కార్యములు 28:11). ఈ మూడూ జెయింట్లే. మూడూ ఊగుతున్నాయని 1993లో ఆర్టీ హాట్జెస్, విలియం కాక్రన్ అనే శాస్త్రజ్ఞులు చూపారు. పోలక్స్ చుట్టూ గ్రహముందని 2006లో, పదమూడేళ్ల తర్వాత, రూఢి అయింది. రోహిణికి గ్రహముందని 2015లో అన్నారు, 2019లో వేరేవాళ్లు సందేహించారు. స్వాతి విషయంలో ఏదీ తేలలేదు.

ఇంకా చిత్రమైనది గామా డ్రకోనిస్. 2003 నుంచి 2011 దాకా అది 702 రోజులకొకసారి గడియారంలా ఊగింది. బృహస్పతికి పది రెట్లు మించిన గ్రహం లెక్కకు సరిగ్గా సరిపోయింది. కానీ హాట్జెస్ బృందం కొలవడం ఆపలేదు. 2011 తర్వాత రెండేళ్లపాటు ఊపు మాయమైంది! తర్వాత మళ్లీ వచ్చింది గానీ లయ తప్పింది. గ్రహం అలా సెలవు పెట్టి పోదు. అది నక్షత్రం లోపలి కల్లోలమేనని 2018లో ప్రకటించారు. ఎనిమిదేళ్ల సాక్ష్యం కూడా చాలలేదన్నమాట.

లేవీయకాండము 13వ అధ్యాయం మీద ప్రసంగించే బోధకులు అరుదు. పొడ, మచ్చ, వెండ్రుకలు తెల్లబడడం... ఆదివారం ఉదయం అదంతా ఎవరికి కావాలి? కానీ అక్కడ యాజకుడు చేసే పని చూడండి. మచ్చ చూసి వెంటనే తీర్పు చెప్పలేనప్పుడు ఆ మనిషిని ఏడు రోజులు విడిగా ఉంచుతాడు. ఏడవ రోజున మళ్లీ చూస్తాడు. అప్పటికీ తేలకపోతే మరో ఏడు రోజులు. ఇంకోసారి చూస్తాడు. యాజకుడికి స్వస్థపరిచే అధికారం ఇవ్వలేదు దేవుడు. చూడమన్నాడు, ఆగమన్నాడు, మళ్లీ చూడమన్నాడు. ఆయన బయటికి చెప్పే ఒక్క మాట మీద ఒక మనిషి ఇల్లు, పెళ్లాం బిడ్డలు, పాళెంలో చోటు ఆధారపడి ఉన్నాయి. యేసు ప్రభువు కూడా కుష్ఠరోగిని ముట్టి బాగుచేసిన తర్వాత, ముందు వెళ్లి యాజకుడికి చూపించుకోమన్నాడు (మత్తయి 8:4). తాను చేసిన అద్భుతాన్ని పరీక్షకు పంపడానికి ప్రభువే సందేహించలేదు.

మరి మన కూటాల్లో? చెయ్యెత్తిన క్షణానికే మైకు నోటి దగ్గరికి వస్తుంది. నేనెరిగిన ఒక సహోదరికి షుగరు జబ్బు. ఒక స్వస్థత కూటంలో ఆమెను వేదిక మీద నిలబెట్టి జబ్బు పోయిందని ప్రకటించారు. ఆమె మందులు మానేసింది. ఏడాది తిరగకుండా కాలి పుండు ముదిరి మోకాలి కింద తీసేయవలసి వచ్చింది. ఆ సంగతి ఏ వేదిక మీదా ఎవరూ చెప్పలేదు. మైకులో చెప్పిన సాక్ష్యాన్ని మైకులోనే వెనక్కి తీసుకోవడం మన సంఘాల్లో ఇంతవరకు నేను చూడలేదు. పరీక్షించడం అవిశ్వాసమని కొందరు అంటారు. వాళ్లతో నేను ఏకీభవించను. ఆ యాజకుడు అవిశ్వాసి కాడు.

క్యాంప్‌బెల్ 1990ల మొదట్లో ఖగోళ శాస్త్రాన్ని వదిలి వెళ్లిపోయాడు. కానీ ఆ నక్షత్రాన్ని చూడడం ఆగలేదు. టెక్సాస్‌లోని మెక్‌డోనాల్డ్ వేధశాలలో హాట్జెస్, కాక్రన్ మొదలైనవారు తమ కొలతలను, కెనడా వాళ్ల పాత కొలతలను ఒకచోట చేర్చారు. 1981 నుంచి 2002 దాకా. ఊపు ఎనిమిది చుట్లు తిరిగినా లయ తప్పలేదు, బలం తగ్గలేదు. కాల్షియం గీతల్లో ఆ కాలానికి సరిపోయే మార్పేదీ కనబడలేదు. మచ్చలైతే పుట్టి చెరిగిపోతాయి, ఇన్నేళ్లు అదే లయలో ఉండవు. 2003లో గ్రహం ఉందని ప్రకటించారు. 1988లో ముందుగా చెప్పి, మాట వదులుకున్న వాకర్, క్యాంప్‌బెల్, యాంగ్ ముగ్గురి పేర్లూ ఆ వ్యాసం రచయితల్లో ఉన్నాయి. కదలికను బట్టి మాత్రమే తెలిసిన తోడు నక్షత్రానికి కూడా తర్వాత ఫొటో తీయగలిగారు.

మా సంఘంలో ఇప్పుడొక పద్ధతి పెట్టుకున్నాం. స్వస్థత కలిగిందని ఎవరైనా చెబితే ఆ ఆదివారమే కలిసి దేవునికి స్తోత్రం చెల్లిస్తాం, కానీ సాక్ష్యం చెప్పించం. మందులు మానవద్దంటాం, డాక్టరు దగ్గరికి వెళ్లి చూపించుకోమంటాం. కొందరు అలిగారు, ఒక కుటుంబం వేరే మందిరానికి పోయింది కూడా. టీబీ సోకిన ఒక తాపీమేస్త్రి రెండో నెలకే దగ్గు తగ్గి, బరువు పెరిగి, సాక్ష్యం చెబుతానని వచ్చాడు. ఆరు నెలల బిళ్లలూ పూర్తిచేసి రమ్మన్నాం. మధ్యలో రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ అదే చెప్పాం. చివరికి ఆసుపత్రి రిపోర్టు చేతిలో పట్టుకొని, ఇంకో చేత్తో బియ్యం సంచి మోసుకొని వచ్చాడు. ముందుకొచ్చి నిలబడి రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు. బిళ్లలు వేళకు గుర్తుచేసిన భార్య పేరు చెప్పాడు, ప్రభువు పేరు చెప్పాడు, బియ్యం బల్ల దగ్గర పెట్టి వెళ్లి తన చోట కూర్చున్నాడు.